మ్యాషా, క్రంబులా, పెల్లెటా? బ్రాయిలర్ షెడ్డులో ఏ దాణా ఎప్పుడు పెట్టాలి

పెల్లెట్ పెడితే కోడి నాలుగు రోజులు ముందే బరువొస్తుందని దాణా డీలరు చెప్తాడు. పెల్లెట్ పెడితే కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతాయని పక్క షెడ్డాయన చెప్తాడు. కొత్తగా షెడ్డు వేసినవాడు ఇద్దరి మాటా విని తల పట్టుకుంటాడు. తమాషా ఏంటంటే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. షాద్‌నగర్ వైపు 5,000 కోళ్ల షెడ్డు నాది, మొదట్లో కంపెనీ కింద (పిల్లలు, దాణా వాళ్లవి, పెంపకం మనది) పెంచాను, తర్వాత సొంత బ్యాచ్‌లు దించడం మొదలుపెట్టాను, ఈ మూడు రకాల దాణాతోనూ ఒక్కోసారి లాభం చూశాను, ఒక్కోసారి చేతులు కాల్చుకున్నాను.

నా మాట ముందే చెప్పేస్తా. బరువులో, దాణా ఖర్చులో గట్టి పెల్లెట్‌ని మ్యాష్ కొట్టలేదు. కాకపోతే మన షెడ్డు దాకా వచ్చేసరికి ఆ పెల్లెట్ గట్టిగా ఉందా లేదా అన్నదే అసలు లెక్క. సగం పొడైపోయిన పెల్లెట్‌కి పెల్లెట్ రేటు కట్టే బదులు బరకగా ఆడించిన మ్యాష్ పెట్టుకున్నవాడే నయం.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మొక్కజొన్న, సోయా చెక్క, మినరల్స్, విటమిన్లు, మందులు అన్నీ ఆడించి కలిపిన పొడి మ్యాష్. అదే పొడిని ఆవిరితో 80 డిగ్రీల దాకా, ఒక్కోచోట ఇంకా పైకి, వేడి చేసి చిల్లుల డై లోంచి నొక్కితే 3, 4 మిల్లీమీటర్ల మందం గుళికలు వస్తాయి, అవి పెల్లెట్లు. ఆ గుళికల్నే రోలర్ల మధ్య నలిపితే క్రంబుల్. అంటే క్రంబుల్ పెల్లెట్ మిషన్ ఎక్కి దిగిన సరుకే, అందుకే దాని రేటు కూడా తక్కువేమీ ఉండదు.

సరే, ఫార్ములా ఒకటే అయినప్పుడు రూపం మారితే కోడికి ఏం తేడా వస్తుంది? షెడ్డులో ఒక అరగంట కుర్చీ వేసుకుని కూర్చుంటే మీకే తెలుస్తుంది. మ్యాష్ ఫీడర్ దగ్గర కోడి ముక్కుతో పొడిని అటూ ఇటూ చిమ్ముతూ పచ్చటి మొక్కజొన్న పలుకుల్ని ఏరుకుంటుంది. సాయంత్రం ఫీడర్‌లో చెయ్యి పెట్టి చూడండి, అడుగున మెత్తటి బూడిద రంగు పొడి మిగిలి ఉంటుంది. మనం డబ్బు పోసి కొన్న మెథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం), విటమిన్లు, కాక్సీ (కోళ్ల పేగు జబ్బు) మందు, మినరల్స్‌లో చాలా భాగం ఆ పొడిలోనే ఉంటుంది. మిక్సరు పది నిమిషాలు కష్టపడి కలిపినదాన్ని కోడి ఒక్క పూటలో విడదీసి పెడుతుంది. బలమున్న కోడి మొక్కజొన్న తినేసి పోతుంది, చిన్నది వెనక వచ్చి పొడి తింటుంది, 30 రోజులకు చూస్తే ఒక కోడి రెండు కేజీలకు దగ్గర పడుతుంది, ఇంకొకటి కేజీన్నర కూడా ఉండదు. పెల్లెట్‌లో ఏరుకోవడానికి వీల్లేదు, ప్రతి గుళికలోనూ అన్నీ ఉంటాయి.

రెండోది టైము. అమెరికాలో 1962లోనే ఒక పరిశోధన చేశారు, 12 గంటల పగట్లో మ్యాష్ తినే కోడిపిల్లలు దాదాపు 14 శాతం సమయం తిండి మీదే గడిపితే, పెల్లెట్ తినేవి 5 శాతం కూడా గడపలేదు. మిగతా టైమంతా పడుకోవడమే. తినడానికి నిలబడటం, పొడవడం, ఒకదాన్నొకటి తోసుకోవడం అన్నీ ఖర్చే, ఆ ఖర్చు తగ్గి మాంసంలోకి వెళ్తుంది. పైగా పెల్లెట్ అయితే కోడి మొత్తం మీద ఎక్కువ తింటుంది. పెల్లెట్‌లో ఏదో బలం ఎక్కువ ఉందని చాలామంది అనుకుంటారు, అలాంటిదేం లేదు. రెండు రకాలూ తూకం వేసి సమానంగా పెడితే బరువులో తేడా బాగా తగ్గిపోతుంది. సులువుగా, ఎక్కువగా తినడమే దాని రహస్యం. ఆరోగ్యం గొడవలు కూడా సరిగ్గా అక్కడే మొదలవుతాయి, అది తర్వాత చెప్తాను.

ముందు డబ్బు లెక్క. ఊరికే ఉదాహరణకి మ్యాష్ కేజీ 40 రూపాయలు, పెల్లెట్ 41.50 అనుకుందాం (మీ దగ్గరి రేట్లు వేసుకుని మీరే మళ్లీ కట్టుకోండి). రెండు కేజీల కోడికి మ్యాష్ మీద ఎఫ్‌సీఆర్ (కేజీ బరువుకి పట్టే దాణా) 1.75 వస్తే 3.5 కేజీల దాణా, 140 రూపాయలు. గట్టి పెల్లెట్ మీద 1.65 వస్తే 3.3 కేజీలు, దాదాపు 137 రూపాయలు. కోడికి మూడు రూపాయలు మిగిలింది, 5,000 కోళ్లకు 15 వేలు, పైగా రెండు మూడు రోజులు ముందే లిఫ్టింగ్ (కోళ్లను అమ్మకానికి ఎత్తడం). బాగుంది కదా? ఇప్పుడు అదే పెల్లెట్ పొడి పొడిగా వచ్చి ఎఫ్‌సీఆర్ 1.70 దగ్గర ఆగిందనుకోండి, 3.4 కేజీలు, 141 రూపాయలు. మ్యాష్ కన్నా రూపాయి నష్టం. ఎఫ్‌సీఆర్‌లో 0.05 తేడాకి కథ మొత్తం తిరగబడింది.

అందుకే నేను బస్తా మీద అచ్చేసిన దాన్ని కాకుండా జల్లెడని నమ్ముతాను. లోడు రాగానే పైన, మధ్యలో, అడుగున ఉన్న బస్తాల్లోంచి మూడు నాలుగు తీసి, ఒక్కోదాంట్లోంచి కేజీ దాణా తూకం వేసి ఇంట్లో రవ్వ జల్లించే జల్లెడలో వేస్తాను. గట్టిగా ఊపక్కర్లేదు, నాలుగుసార్లు తిప్పితే చాలు. కింద పడిన పొడి 100 గ్రాముల లోపు ఉంటే సంతోషం. 200 దాటితే డీలర్‌కి ఫోన్ చేస్తాను. 300 దాటితే అది పెల్లెట్ కాదు, ఖరీదైన మ్యాష్. ఇవి నేను పెట్టుకున్న హద్దులు, ఎవరూ చట్టం చెయ్యలేదు. ఒకసారి ఎండాకాలంలో వచ్చిన లోడులో అడుగు బస్తాలు దాదాపు సగం పొడే. డ్రైవర్‌ని అడిగితే "దారిలో గుంతలు చూశారా అన్నా, నా నడుమే పొడైంది" అన్నాడు. నవ్వొచ్చింది కానీ ఆ బ్యాచ్ లెక్క చూసుకున్నాక నవ్వు రాలేదు.

దారి ఒక్కటే కారణం కాదులెండి. మన దాణా మొక్కజొన్న, సోయా మీద నడుస్తుంది, గోధుమ వేసే దేశాల్లో గుళిక కట్టినంత గట్టిగా ఇక్కడ కట్టదు. దానికి తోడు నూనె మొత్తం మిక్సర్‌లోనే పోసేస్తే గుళిక అసలు పట్టు ఉండదు, అందుకే మంచి మిల్లులు కొంత నూనె పెల్లెట్ అయ్యాక పైన చల్లుతాయి. డీలర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, నూనె ఎప్పుడు కలుపుతున్నారని. చెప్పగలిగితే మిల్లు సంగతి అతనికి కాస్త తెలుసు అన్నమాట. గుళికని రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, టక్కున విరగాలి, మట్టిగడ్డలా రాలిపోకూడదు.

పెల్లెట్ మీద ఇంకో అనుమానం కూడా న్యాయమైనదే. మ్యాష్‌లో మొక్కజొన్న ఏ రంగులో ఉందో, బూజు వాసన వస్తోందో లేదో చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. పెల్లెట్‌లో ఏం పడిందో దేవుడికే తెలియాలి. ఆవిరి వేడికి సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, అది నిజమైన లాభం. కానీ అఫ్లాటాక్సిన్ ఆ వేడికి పోదు. వానాకాలంలో తడిసిన మొక్కజొన్నని పెల్లెట్ చేస్తే ఆ బూజు విషం పెల్లెట్‌లోనే ఉంటుంది, కంటికి మాత్రం కనపడదు. వేడి ఎక్కువైతే కొన్ని విటమిన్లు, ఫైటేజ్ లాంటి ఎంజైములు కూడా దెబ్బతింటాయి, దానికి తట్టుకునే రకాలు వేశారా అన్నది మిల్లు నిజాయితీ మీదే ఆధారం.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి.

పొద్దున షెడ్డులోకి వెళ్తే అన్నిటికంటే మంచి బరువున్న పుంజు వెల్లకిలా పడి, కాళ్లు పైకి పెట్టి చచ్చి ఉంటుంది. ముందురోజు దాకా బాగా తింది, జబ్బు గుర్తే లేదు. సడన్ డెత్ అంటాం దాన్ని. ఇంకో రకం, పొట్ట ఉబ్బి, తల మీది తురాయి నల్లబడి, ఒక మూల రొప్పుతూ కూర్చునే కోడి. కోసి చూస్తే పొట్టలో లేత పసుపు రంగు నీరు, కొన్నిటికి గ్లాసుడు వస్తుంది. గుండె ఉబ్బి వదులైపోయి ఉంటుంది. రెండూ అతివేగంగా పెరిగే కోళ్ల రోగాలే. ఒళ్లు పెరిగినంత వేగంగా గుండె, ఊపిరితిత్తులు పెరగవు, ఆక్సిజన్ చాలదు, కుడివైపు గుండె మీద భారం పడుతుంది, చివరికి లివర్‌లోంచి నీరు ఊరి పొట్టలో చేరుతుంది. పెల్లెట్ తినే కోడి వేగంగా పెరుగుతుంది కాబట్టి దానికి ఈ రెండూ ఎక్కువ, కాళ్లు వంకర పోవడం, కుంటడం కూడా అంతే. పక్క షెడ్డాయన చెప్పేది దీని గురించే. దాణాలో ఏదో కలిపారని కంపెనీని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు దాణా మరీ బాగా పనిచేయడమే కారణం.

దీనికి చలికాలం తోడైతే ఇంకా కష్టం. డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలికి కోడికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, మనమేమో పరదాలన్నీ దించేసి లోపల అమ్మోనియా నింపుతాం. కళ్లు మండుతున్నాయంటే కోడి ఊపిరితిత్తుల గతి ఊహించుకోండి. పరదా పైన జానెడు తెరిచి ఉంచాల్సిందే, చలైనా సరే. రెండోది, మొదటి వారం దాటాక రాత్రి నాలుగు నుంచి ఆరు గంటలు లైట్లు ఆర్పేయండి. 24 గంటలు లైటు వేస్తే ఎక్కువ తింటాయని మన వాళ్ల ఆశ, పెల్లెట్‌తో ఆ పని చేస్తే సడన్ డెత్‌ని పిలిచి పీట వేసినట్టే. ఒకప్పుడు కరెంటు కోతలు ఆ పని మనకు తెలియకుండానే చేసిపెట్టేవి.

కందనకాయ గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు అదే పెద్ద పాఠం నేర్పింది. చచ్చిన కోడిని కోసినప్పుడు కందనకాయని కూడా చీల్చి చూడండి. బరక మ్యాష్ తిన్నదైతే గుండ్రంగా, గట్టిగా, గోడలు మందంగా, కత్తికి కరకరమంటూ ఉంటుంది. మెత్తగా ఆడించిన పొడితో కట్టిన పెల్లెట్ తిన్నదైతే చిన్నగా, సంచిలా వదులుగా ఉంటుంది, ఎందుకంటే పెల్లెట్ నీళ్లలో కరిగి వెంటనే కిందికి జారిపోతుంది, నూరే పనే ఉండదు. కందనకాయ బాగా పనిచేస్తే దాణా అక్కడ కాసేపు ఆగుతుంది, ఆమ్లం బాగా కలుస్తుంది, అరుగుదల మెరుగవుతుంది, పేగుల్లోకి పోయే క్రిములూ తగ్గుతాయి. అది సోమరిపోతైతే అరగని దాణా రెట్టలో పడుతుంది, లిట్టర్ (కోళ్ల కింద పరిచిన ఊక) తడుస్తుంది. యూరప్‌లో కొన్ని దేశాల్లో పెల్లెట్‌లో గోధుమ గింజలు అలాగే కలిపి పెట్టేది ఇందుకే. మన దగ్గర మూడో వారం తర్వాత కొంచెం మొక్కజొన్న నూక కలిపేవాళ్లున్నారు, కలపండి గానీ చేతి లెక్కన గుప్పిళ్లు గుప్పిళ్లు పోయకండి, ప్రోటీన్ పడిపోతుంది. దేశంలో దాణాకి ఉన్న ఐఎస్ 1374 (2007) ప్రమాణంలో ఫినిషర్‌కే (చివరి దశ దాణా) 20 శాతం ప్రోటీన్ అడిగారు, దానికి ముందు పెట్టే స్టార్టర్‌కి 22, మొట్టమొదటి ప్రీ స్టార్టర్‌కి 23.

మ్యాష్‌కి ఆరోగ్యం తలనొప్పులు లేవా అంటే బోలెడు. పిండిలా మెత్తగా ఆడిస్తే పిల్ల ముక్కుకి తడి పిండి అంటుకుని గట్టిపడుతుంది, అది నీళ్లు తాగడానికి పోతే డ్రింకరు గంజి గిన్నె అవుతుంది, మధ్యాహ్నానికి పులిసిన వాసన. దుమ్ము లేస్తుంది, తుమ్ములు, గురక, సీఆర్‌డీ (ఊపిరితిత్తుల జబ్బు) అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెడతాం. మ్యాష్ ఆడిస్తే బొంబాయి రవ్వలా సన్నగా కాకుండా ఇడ్లీ రవ్వ కన్నా కొంచెం లావుగా పలుకు తగలాలి. మర జల్లెడ చిల్లు అరిగిపోయి పెద్దదైతే కొన్ని గింజలు అలాగే దిగుతాయి, అప్పుడు ఏరుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. అన్నట్టు మ్యాష్ పెట్టేవాళ్లు ఫీడర్ల లెక్క తగ్గించకూడదు, ఒక్కో కోడి ఎక్కువసేపు నిలబడుతుంది కదా, చోటు చాలకపోతే చిన్నవి ఎండిపోతాయి. ఒక మంచి గుణం మాత్రం ఉంది, ఎక్కువసేపు తిండి పనిలో ఉంటాయి కాబట్టి ఈకలు పీక్కోవడం తక్కువ.

మరి ఏది ఎంచుకోవాలి? మొదటి పది పన్నెండు రోజులకు నాకు ఏ అనుమానమూ లేదు, క్రంబులే. ఒకరోజు పిల్ల 4 మిల్లీమీటర్ల గుళిక మింగలేదు, పొడిలో ఏరుకునే ఓపిక దానికి లేదు. ఈ దశలో పిల్ల తినేది మహా అయితే 300 గ్రాముల చుట్టూ, అక్కడ కేజీకి రెండు రూపాయలు మిగుల్చుకుంటే మిగిలేది అర్ధ రూపాయి, పోయేది బ్యాచ్ మొత్తం సమానత్వం. క్రంబుల్‌లో కూడా పొడి చూసుకోండి, పేపర్ మీద చల్లినప్పుడు పిల్లలు ముక్కలు తినేసి పొడి వదిలేస్తే అదీ మోసమే.

ఆ తర్వాత మీ పరిస్థితిని బట్టి. సిటీ మార్కెట్‌కి రెండు కేజీలు, అంతకు పైన బరువుకి పెంచుతూ, గాలి బాగా ఆడే షెడ్డు ఉండి, జల్లెడ పరీక్షలో నెగ్గే పెల్లెట్ దొరుకుతుంటే పెల్లెట్ పెట్టండి, ఆలోచించక్కర్లేదు. ఎండాకాలంలో అయితే ఇంకా మేలు, ఎందుకంటే పొద్దున 10 గంటలకు ఫీడర్లు పైకెత్తేసి సాయంత్రం ఐదింటి దాకా దించం, కోడికి మిగిలేవి చల్లటి గంటలే, ఆ కొద్ది టైములో పెల్లెట్‌తో కడుపు నిండుతుంది, మ్యాష్‌తో నిండదు. ఒకటి గుర్తుంచుకోండి, తిన్నది అరిగేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మిట్టమధ్యాహ్నం ఎండతో కలవకుండా ఫీడర్లు ముందే ఎత్తాలి. నీళ్లు దాణాకి రెట్టింపు తాగుతాయి, ఎండలో ఇంకా ఎక్కువ, పెల్లెట్‌తో నీటి వాడకం పెరుగుతుంది కాబట్టి లిట్టర్ రోజూ తిరగేయాలి.

చలికాలం బ్యాచ్, పాత షెడ్డు, గాలి తక్కువ, పోయినసారి పొట్టలో నీళ్లు వచ్చి కోళ్లు పోయాయి అంటే రెండో మూడో వారాల్లో పరుగు తగ్గించండి. క్రంబుల్ అయ్యాక ఓ పది రోజులు బరక మ్యాష్ పెట్టి, 22, 23 రోజులకు పెల్లెట్‌కి మారితే గుండెకి ఊపిరి తిరుగుతుంది, చివర్లో బరువు చాలావరకు కలిసొస్తుంది. ఒకటి రెండు రోజులు లిఫ్టింగ్ వెనక్కి పోవచ్చు. చావులు తగ్గితే ఆ రెండు రోజుల దాణా ఖర్చు పెద్ద విషయం కాదు.

సొంత మొక్కజొన్న ఉండి, ఊళ్లోనే మర, మిక్సర్ ఉన్నవాళ్లు, 1,000 లోపు కోళ్లు పెంచేవాళ్లు మ్యాష్‌తోనే ఉండండి. పెల్లెట్ మిషన్, బాయిలర్ ఆ స్థాయికి గిట్టుబాటు కావు. బజారులో దొరికే చిన్న పెల్లెట్ మిషన్లకి ఆవిరి ఉండదు, అవి కట్టే గుళిక నా చేతిలోనే నలిగిపోయింది. ఇక రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజ లాంటి పెరటి రకాలో, నాటు కోళ్లో పెంచేవాళ్లకి పెల్లెట్ అక్కర్లేదు, అవి పరుగు పందెం కోళ్లు కావు, తవ్వుకుని ఏరుకుని తినడమే వాటికి అలవాటు. గోదావరి జిల్లాల లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల్లో ఎక్కువగా నడిచేదీ మ్యాషే.

కంపెనీ కింద పెంచేవాళ్లకి ఈ ఎంపికే లేదు కదా అంటారు. నిజమే, లారీలో ఏది వస్తే అదే. కానీ జీసీ (కంపెనీ ఇచ్చే పెంపకం కూలి) తెగేది ఎఫ్‌సీఆర్ మీద, పొడి వచ్చిన లోడు వల్ల తగ్గేది మీ డబ్బే. జల్లెడ పట్టి ఫోటో తీసి, బస్తా మీద తేదీ కనబడేలా సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పంపండి, లిఫ్టింగ్ రోజు నోటి మాటకు విలువ ఉండదు. నేను అప్పట్లో పంపలేదు, లెక్క రోజు గొడవపడితే "అప్పుడే చెప్పాల్సింది కదా" అన్నారు. ఫీడర్లో పొడి మీద కొత్త దాణా పోస్తూ పోవద్దు, రోజుకి ఒకసారైనా ఫీడర్లు పూర్తిగా ఖాళీ కానివ్వండి, ఆకలికి పొడి కూడా తినేస్తాయి. ఫీడర్ అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి, కిందికి ఉంటే ఊకలోకి చిమ్మేస్తాయి.

మార్చేటప్పుడు మాత్రం తొందరపడకండి. క్రంబుల్ నుంచి పెల్లెట్‌కి ఒక్కసారిగా మారిస్తే ఒక పూట అలిగి తినవు, బరువు ఆగిపోతుంది. మొదటి రోజు పాతది మూడొంతులు కొత్తది ఒకటి, రెండో రోజు సగం సగం, మూడో రోజు కొత్తది మూడొంతులు. మ్యాష్ నుంచి పెల్లెట్‌కి మారేటప్పుడు నాలుగు రోజులు తీసుకోండి. ఈ దసరా తర్వాత దించబోయే బ్యాచ్‌కి నేను 11 రోజులు క్రంబుల్, 22వ రోజు దాకా మన మరలో ఆడించిన బరక మ్యాష్, ఆపైన పెల్లెట్ అనుకుంటున్నా. పెల్లెట్ బస్తాలు మాత్రం ఒకేసారి తెప్పించను, వారానికి సరిపడా చొప్పున, చెక్క బల్లల మీద, గోడకి అడుగు దూరంలో.